హుద్‌హుద్ తుపానుకి పదేళ్ళు: కరెంటూ సిగ్నలూ లేని ఆ రోజుల్లో మీకు హాయిగా అనిపించినవి ఉన్నాయా?

బీచ్‌రోడ్ బాతాఖానీ
12 అక్టోబరు 2024, రాత్రి 9:10

అందరికీ దసరా శుభాకాంక్షలు. ఈసారి పండగ సరిగ్గా అక్టోబరు 12న పడింది. విశాఖవాళ్ళకి ఈ తేదీ చూస్తే ముందు గుర్తొచ్చేది పండగ కాదు కదా. 2014లో ఇదే తేదీ ఆదివారం. పొద్దుటినుంచీ ఒకటే గాలి. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరిమీదికి వచ్చేసరికి అంతా ఆగిపోయింది. "అమ్మయ్య, అయిపోయింది" అనుకుని జనం రోడ్డుమీదికి వచ్చి విరిగిన చెట్లకి ఫొటోలు తీస్తుంటే రెండోవైపు నుంచి మళ్ళీ అందుకుంది. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని పేపర్లో చదివింది తర్వాతెప్పుడో.

కైలాసగిరి బోడికొండ అయిపోవడం, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోవడం, యూనివర్సిటీలో పడిపోయిన చెట్లు, ఇవన్నీ ఇక్కడ పాత చర్చల్లో బోలెడు ఉన్నాయి. నేను అడిగేది వేరే. ఆ తర్వాత చాలా వీధుల్లో వారం పైగా కరెంటు లేదు, ఫోన్ మోగలేదు, టీవీ లేదు. అంత నష్టం జరిగినచోట హాయి గురించి మాట్లాడితే బాగోదని ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. కానీ ఉన్నమాటే, నాకు ఆ సాయంత్రాలు బాగున్నాయి.

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కార్ల మధ్య ఖాళీలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీశాం. గవ్వలు ఎవరిదగ్గరా లేవు. రెండో ఫ్లోర్ మామ్మగారు చింతపిక్కలు తెచ్చి, సగానికి తెల్లగా వచ్చేదాకా గచ్చుమీద అరగదీసి ఇచ్చారు. పక్క ఫ్లాట్‌లో రిటైరైన మాస్టారు ఉండేవారు. లిఫ్టులో తలూపడమే తప్ప అంతకుముందు ఆయన గొంతు కూడా వినలేదు నేను. ఆట మొదలయ్యాక తెలిసింది, ఆయన మహా తొండి. కొవ్వొత్తి వెలుగు చాలదుగా, మూడు పడితే నాలుగు అనేవారు! ఏడు గంటలకి మొదలెడితే తొమ్మిదయ్యేది. అందరం తిని పడుకునేవాళ్ళం, అంతే. నిద్ర కూడా ఎంత బాగా పట్టేదో.

మీకేం గుర్తున్నాయో రాయండి.

---

అప్పటి ఆరో తరగతి
12 అక్టోబరు 2024, రాత్రి 9:48

నా చిన్నతనంలో బెస్ట్ సెలవులు అవే అంటే మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

స్కూల్ లేదు, ట్యూషన్ లేదు, హోంవర్క్ అడిగేవాళ్ళు లేరు. మా వీధికి అడ్డంగా పడిన రావిచెట్టు మా రాజ్యం. ఒక కొమ్మ బస్సు, ఒక కొమ్మ ఓడ. మున్సిపాలిటీవాళ్ళు రంపాలు తెచ్చి కోసేసిన రోజు నేనూ మా తమ్ముడూ ఏడ్చాం. మా నాన్న మాత్రం స్కూటర్ బయటికి తియ్యొచ్చని సంబరపడ్డారు.

ఆ ఏడు దీపావళి 23న. వీధుల నిండా ఎండిన కొమ్మలూ ఆకులూ కుప్పలుగా ఉండటంతో టపాసులు వద్దన్నారు. ముందు మూతి ముడుచుకున్నాం గానీ, ఆ రాత్రి వీధంతా ప్రమిదలు పెట్టారు. ఒక్క బాంబు మోగలేదు. మా కుక్క మంచం కింద దూరకుండా గుమ్మంలో కూర్చున్న దీపావళి అదొక్కటే.

---

మూడో అంతస్తు
12 అక్టోబరు 2024, రాత్రి 10:20

బాతాఖానీ గారూ, మీరు సెల్లార్‌లో పిక్కలు వేస్తున్నప్పుడు మీ ఇంట్లోకి నీళ్ళు ఎవరు మోశారో కూడా రాస్తే బాగుండేది.

కరెంటు లేకపోతే బోరు మోటారు లేదు. మోటారు లేకపోతే పైన ట్యాంకు ఖాళీ. వీధి చివరికి ట్యాంకర్ వస్తే బిందెలతో, పెయింటు డబ్బాలతో లైను కట్టి, మూడంతస్తులు మెట్లెక్కి మోసుకొచ్చాం. తాగడానికి, వంటకి, బాత్రూంకి, అంట్లకి, అన్నిటికీ అవే నీళ్ళు. వాషింగ్ మెషీన్ లేదు కాబట్టి బట్టలు చేత్తో. మిక్సీ లేదు కాబట్టి పచ్చడి రోట్లో. ఫ్రిజ్ లేదు కాబట్టి మిగిలింది దాచడానికి లేదు, ఏ పూటకాపూట వంట. పాల ప్యాకెట్ రెట్టింపు ధర చెప్పినా కొన్నాం, ఇంట్లో పసిపిల్ల ఉంది. మీరు ఏడింటికి ఆట మొదలెట్టారంటే ఎవరో ఆరున్నరకే వంట ముగించేశారన్నమాట.

దోమల గురించి ఒక్కరూ రాయలేదేం?

---

బీచ్‌రోడ్ బాతాఖానీ
12 అక్టోబరు 2024, రాత్రి 10:31

నీళ్ళు నేనూ మోశానండీ, మాది నాలుగో అంతస్తు :) కానీ వంట విషయంలో మీరన్నది నిజమే. ఆటలో ఆడవాళ్ళు ఎనిమిది దాటాక గానీ వచ్చి కూర్చునేవారు కాదు. మామ్మగారు ఒక్కరే మొదటినుంచీ ఉండేవారు.

---

పాత రేడియో
13 అక్టోబరు 2024, ఉదయం 6:15

ఫోన్లు ఎందుకు పోయాయో అప్పట్లో చాలామందికి అర్థం కాలేదు. టవర్లన్నీ కూలిపోయాయనుకున్నారు. కూలినవి కొన్ని ఉన్నాయి గానీ, నిలబడ్డవి కూడా మూగబోయాయి. టవర్ కింద బ్యాటరీలు ఉంటాయి, అవి కొన్ని గంటలు లాగుతాయి. ఆ తర్వాత జనరేటరు. దానికి డీజిల్ తేవాలంటే రోడ్డు ఖాళీగా ఉండాలి, రోడ్డుమీద చెట్లున్నాయి. డీజిల్ చేరినా టవర్ నుంచి ఎక్స్ఛేంజికి వెళ్ళే ఫైబర్ కేబుల్ ఎక్కడో తెగి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం పాత ల్యాండ్‌లైన్ పనిచేసింది. దానికి ఇంట్లో కరెంటు అక్కర్లేదు, ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి ఆ తీగలోనే కరెంటు వస్తుంది. భూమిలో పాతిన కేబుల్ బాగుంటే చాలు. మొత్తం వీధి మా వరండాలో లైను కట్టింది. హైదరాబాదుకి, బెంగళూరుకి, అమెరికాకి కబుర్లు మా ఇంటి నుంచే వెళ్ళాయి. ఎవరి కూతురు ఎక్కడుందో, ఎవరి కొడుకు ఎవరితో మాట్లాడటం మానేశాడో, వారంలో నాకు అన్నీ తెలిసిపోయాయి. ఎవరికీ చెప్పలేదు లెండి.

ఇక నా సంతోషం. అటకమీద నుంచి మా నాన్నగారి ట్రాన్సిస్టరు దింపాను. మీడియం వేవ్‌కి ఒక గుణం ఉంది. పగలు దగ్గరి స్టేషన్లే వస్తాయి, రాత్రయితే దూరాలవి వస్తాయి. పగటి ఎండకి వాతావరణం పైపొరల్లో ఏర్పడే ఒక పొర ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర ఉండదు, ఇంకా పైనున్న పొరకి తగిలి తరంగాలు దూరంగా దిగుతాయి. అదొక్కటే కాదు, ఆ వారం చుట్టుపక్కల ట్యూబ్‌లైట్ చోక్‌లు, చార్జర్లు, ఇన్వర్టర్లు, టీవీలు ఏవీ లేవు. రేడియోలో గరగర పెట్టేవి అవే. ఊరంతా ఆరిపోయేసరికి విజయవాడ 837, హైదరాబాద్ 738 పక్కింట్లోంచి వస్తున్నంత స్పష్టంగా వినిపించాయి. తమిళం, ఒడియా, సింహళం కూడా తగిలాయి. నేను ముప్పైయేళ్ళ తర్వాత అంత శుభ్రంగా రేడియో విన్నాను. కరెంటు వచ్చిన రాత్రి మళ్ళీ గరగర మొదలు.

---

ఉద్దానం కొబ్బరి
13 అక్టోబరు 2024, ఉదయం 8:02

చదువుతుంటే బాగానే ఉంది. మా అనుభవం కూడా రాయనివ్వండి, చర్చ పాడు చేస్తున్నానని అనుకోకండి.

మాకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను. అప్పుడే దసరా నవరాత్రులు మొదలయ్యాయి. విశాఖ ఊరు కాబట్టి సర్కారంతా అక్కడ దిగింది, వైర్లు తొందరగా లాగారు. మా పల్లెల్లో స్తంభాలు వేలల్లో పడిపోయాయి. పొలాల్లోంచి వెళ్ళే లైన్లు, పడిన కొబ్బరిచెట్లు తీస్తే గానీ స్తంభం పాతడానికి చోటు లేదు. మాకు కరెంటు వచ్చేసరికి వారాలు పట్టింది.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే మీరందరూ వినే ఉంటారు, కిడ్నీ జబ్బుల గురించి. మా ఇంట్లో మా పెదనాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. కరెంటు లేదు, ఫోన్ లేదు, రోడ్డు లేదు. అక్కడ మిషన్ నడుస్తోందో లేదో కనుక్కోవడానికి కూడా దారి లేదు. నేనూ మా అన్నా సైకిళ్ళమీద, చెట్లు వచ్చినచోట సైకిలు భుజానికెత్తుకుని వెళ్ళి కనుక్కుని వచ్చి, తర్వాత ఆయన్ని మంచంమీద మోసుకెళ్ళాం. సిగ్నల్ లేకపోవడం హాయి అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ రోజే కళ్ళముందుకొస్తుంది.

మీరు అడిగినదానికి జవాబు కూడా చెప్తాను. కొబ్బరిచెట్టు పడిపోయాక తలదగ్గర చీలిస్తే మొవ్వ ఉంటుంది. తెల్లగా, తియ్యగా, జీడిపప్పు కన్నా మెత్తగా. మామూలు రోజుల్లో ఎవరూ తినరు, తినాలంటే చెట్టుని చంపాలి. ఆ వారం ఊరంతా మొవ్వ తిన్నాం. నీళ్ళకి బదులు కొబ్బరిబొండాలు తాగాం. రుచి బాగుంది, నిజమే. తాత పాతిన చెట్లు అవి. కొత్త మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు.

---

అప్పటి ఆరో తరగతి
13 అక్టోబరు 2024, ఉదయం 8:30

అన్నా, మీరు రాసింది చదివాక నా పోస్టు తీసేద్దామనిపించింది.

---

ఉద్దానం కొబ్బరి
13 అక్టోబరు 2024, ఉదయం 8:41

వద్దు తమ్ముడూ, ఉంచు. మా ఊళ్ళో పిల్లలూ పడిన చెట్లమీదే ఆడారు. పిల్లలు ఎక్కడైనా అంతే.

---

హైటెక్ కూలీ
13 అక్టోబరు 2024, ఉదయం 11:25

నేను విశాఖ కాదు, మాది నల్లగొండ, ఉండేది కొండాపూర్. హుద్‌హుద్ టీవీలో చూసినవాణ్ణి. కానీ ఈ హాయి అనేదాన్ని కావాలని తెచ్చుకుందామని కొన్నాళ్ళు ప్రయత్నించిన. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్ బంద్. ఎట్లా జరిగిందో వినండి.

గేటుకాడ కూరగాయల బండి వచ్చింది, నా దగ్గర నగదు లేదు. ఆయన దగ్గర చిల్లర లేదు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన పిలగాడు ఓటీపీ అడిగిండు, ఫోన్ ఆన్ చేసిన. సెక్యూరిటీ కింద నుంచి యాప్‌లో పర్మిషన్ అడుగుతడు, నేను ఒత్తకపోతే చుట్టాన్ని లోపలికి పంపడు. మా అమ్మ నల్లగొండ నుంచి ఫోన్ చేసి ఎత్తకపోయేసరికి మా బావకి, మా బావ నా రూమ్మేట్‌కి, రూమ్మేట్ వచ్చి తలుపు కొట్టిండు. వాడు కాఫీ కూడా తాగకుండా "ఏమైందిరా, బాగున్నవా" అని మొహం చూసి పోయిండు.

బాతాఖానీ గారు చెప్పిన ఆనందం నాకు ఎందుకు రాలేదని ఆలోచించిన. హుద్‌హుద్‌లో మీ ఒక్కరి ఫోనే కాదు, అందరి ఫోన్లూ పోయినై. ఎవరూ ఎవరినీ "ఎందుకు ఎత్తలేదు" అని అడగలేరు. నేను ఒక్కణ్ణే ఆపితే అందరి దృష్టిలో నాకేదో అయినట్టే. పైగా నేను ఖాళీగా కూర్చుంటే ఎదురుగా మాట్లాడడానికి ఇంకొకడు కూడా ఖాళీగా ఉండాలె కదా. వాడు రీల్స్ చూస్తుండు.

ఇంకో సంగతి. 2014లో యూపీఐ లేదు, అది 2016లో వచ్చింది. అప్పుడు మీ జేబుల్లో కొంచెమన్నా నగదు ఉండి ఉంటది. ఇప్పుడు అంత పెద్ద తుపాను వస్తే మొదటి రోజే పాలు కొనడానికి పైసలు ఉండవు. దసరా మామూళ్ళు కూడా స్కానర్ పెట్టి అడుగుతున్నరు.

---

పాత రేడియో
13 అక్టోబరు 2024, మధ్యాహ్నం 12:10

నగదు సంగతి బాగా చెప్పారు. అప్పుడూ ఏటీఎంలు పనిచెయ్యలేదు. మా సందు చివర కిరాణా కొట్టాయన పద్దు పుస్తకం తీశాడు. ఎప్పుడో మానేసిన అలవాటు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి కూడా రాసుకుని ఇచ్చాడు. ఒక్క పైసా పోలేదని తర్వాత చెప్పాడు.

---

ఇర్వింగ్ నుంచి
13 అక్టోబరు 2024, మధ్యాహ్నం 1:05

టెక్సాస్‌లో ఉంటాం. మాకు ఇలాంటిది 2021 ఫిబ్రవరిలో జరిగింది. మంచు తుపాను. డల్లాస్ చుట్టుపక్కల ఒక పొద్దున మైనస్ 19 డిగ్రీలు. ఇక్కడి ఇళ్ళు అంత చలికి కట్టినవి కాదు. టెక్సాస్ కరెంటు గ్రిడ్ మిగతా దేశంతో పెద్దగా ముడిపడని విడి గ్రిడ్, పక్క రాష్ట్రాల నుంచి సరిపడా తెచ్చుకునే వీలు లేదు. గంట కోత అన్నది రోజుల్లోకి వెళ్ళింది. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలాయి.

మా ఇంట్లో అంతా కరెంటు పొయ్యే. రెండు ఇళ్ళ అవతల ఉన్న తెలుగువాళ్ళకి గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్నాయి. అప్పటిదాకా వాళ్ళని బతుకమ్మ ఫంక్షన్లో చూడటమే తప్ప ఇంటికి వెళ్ళింది లేదు. ఆ రాత్రి వాళ్ళే వచ్చి తలుపు కొట్టి పిలిచారు. నాలుగు కుటుంబాలు ఒక హాల్లో పరుపులు వేసుకుని పడుకున్నాం. వాళ్ళ అత్తగారు వరంగల్ నుంచి వచ్చి కోవిడ్ వల్ల ఇక్కడే ఉండిపోయారు. పెద్ద గిన్నెలో జొన్నపిండితో అంబలి కాచి అందరికీ పోశారు. ఇక్కడ పుట్టిన మా అబ్బాయి అప్పటికి అంబలి పేరు కూడా వినలేదు, రెండు గ్లాసులు తాగాడు. ఆవిడ పొడుపుకథలు వేస్తే పిల్లలు సగం ఇంగ్లీషులో జవాబులు చెప్పేవారు, ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

ఇదంతా హాయి అని రాస్తూనే ఒక మాట. ఆ రోజుల్లోనే ఇక్కడ వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు స్టార్ట్ చేసుకుని, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించుకుని, కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్ళున్నారు. ఉద్దానం గారు చెప్పినదీ అదే అనుకుంటాను. గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు రెండు గుమ్మాల దూరంలో ఉండబట్టి మాకది పిక్నిక్ అయింది.

---

పదిరోజుల మౌని
13 అక్టోబరు 2024, సాయంత్రం 4:40

హైటెక్ కూలీ గారికి. ఒంటరిగా ఆపితే కుదరదన్నారు కదా, ఇంట్లో ఉండి ఆపితే కుదరదు. నేను విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళాను, హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తకి. మనదేశంలో తొలి విపశ్యన కేంద్రం అదే, 1976 నుంచి ఉంది. వెళ్ళగానే ఫోన్ తీసుకుని భద్రపరుస్తారు. పది రోజుల శిబిరం. తోటివాళ్ళతో మాట్లాడకూడదు, పుస్తకం చదవకూడదు, రాయకూడదు. తెల్లవారి నాలుగుకి గంట. పదకొండుకి భోజనం, సాయంత్రం టీ, మరమరాలు, పండు. రాత్రి భోజనం లేదు.

మొదటి మూడు రోజులు జేబు తడుముకుంటూనే ఉన్నాను. తర్వాత తిండి రుచి తెలియడం మొదలైంది. మామూలు సొరకాయ కూర, ఇంట్లో అయితే పక్కకి నెట్టేసేదాన్ని. అక్కడ మాట లేదు, టీవీ లేదు, ప్లేటు తప్ప చూడటానికి ఇంకేం లేదు. ఒక్కో ముద్దలో జీలకర్ర ఎక్కడ తగులుతోందో తెలిసేది. మధ్యాహ్నం తిరిగేచోట చీమల బారు ఉండేది, దాన్ని చూడటానికి నలుగురైదుగురం రోజూ నిలబడేవాళ్ళం. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకుండానే.

---

మూడో అంతస్తు
13 అక్టోబరు 2024, సాయంత్రం 5:15

మౌని గారూ, పది రోజులు వండకుండా, వడ్డించకుండా ఎవరో పెట్టింది తినడమే అందులో సగం హాయి అయి ఉంటుంది. ఫోన్ సంగతి తర్వాత.

---

పదిరోజుల మౌని
13 అక్టోబరు 2024, సాయంత్రం 5:22

సగం కాదు, ముప్పావు అనండి! ఇంటికి రాగానే నా కోసం నానబెట్టిన పప్పు సింకు పక్కన సిద్ధంగా ఉంది.

---

సాగరతీరం
13 అక్టోబరు 2024, రాత్రి 8:00

ఇక్కడ నక్షత్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడు పౌర్ణమి 8న వెళ్ళిపోయింది. తుపాను వెళ్ళి మబ్బులు తేలిపోయాక సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య చంద్రుడు ఇంకా పొడవలేదు. రోజురోజుకీ ఇంకా ఆలస్యం. పెద్ద ఊరిలో వీధిదీపాలు లేవు, పోర్టువైపు కూడా చీకటి. మా డాబామీద నుంచి పాలపుంత నెత్తిమీదుగా నైరుతి వైపు దిగుతూ కనపడింది. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి, అది మా ఊరినుంచి కనపడుతుందని నాకు తెలియదు. తూర్పున సముద్రం మీదినుంచి కృత్తికలు పైకొస్తుంటే మా అమ్మ "అదిగో పిల్లలకోడి" అంది. ఆవిడ పల్లెటూరి మనిషి, నలభైయేళ్ళుగా మా ఊళ్ళోనే ఉంటున్నా ఒక్కసారీ ఆ మాట అనలేదు. అనడానికి ఇక్కడ కనపడితే కదా.

ఇప్పుడు దానికోసం లంబసింగి వైపు బండేసుకుని పోవాలి. అక్కడా శీతాకాలం వస్తే డీజేలు, టెంట్లు.

---

హైటెక్ కూలీ
13 అక్టోబరు 2024, రాత్రి 8:35

అందరూ ఒకేసారి ఆపాలె అన్నానుగా, దానికి నిజమైన ఊరు ఒకటి ఉంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా, మోహిత్యాంచే వడ్గావ్. 2022 నుంచి చేస్తున్నరు. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీదున్న సైరన్ మోగుతది. ఊళ్ళో టీవీలు, ఫోన్లు ఆపేస్తరు. ఎనిమిదిన్నరకి మళ్ళీ సైరన్. కోవిడ్ క్లాసులప్పుడు పిల్లలు ఫోన్లకి అతుక్కుపోయిన్రని మొదలుపెట్టిన్రు. ఊరు ఊరంతా ఒప్పుకుంది కాబట్టి నడుస్తుంది. నా ఆదివారానికీ దానికీ తేడా అదే, నాకు సైరన్ లేదు.

---

బీచ్‌రోడ్ బాతాఖానీ
13 అక్టోబరు 2024, రాత్రి 9:02

ఇది చదవగానే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. వారానికి ఒక్క సాయంత్రం, శనివారం ఏడు నుంచి తొమ్మిది, కామన్ ఏరియా లైట్లు తప్ప ఏమీ వద్దు, ఫోన్లు ఇంట్లో వదిలి సెల్లార్‌కి రండి అని. పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకాయన "శనివారం బిగ్‌బాస్‌లో నాగార్జున వస్తాడు, ఆదివారం పెట్టండి" అన్నారు. ఇంకొకాయన ఆదివారం కూడా వస్తాడని చెప్పారు. ఇక బుధవారం అని ఖాయం చేశాం.

మాస్టారు పోయి నాలుగేళ్ళయింది, మామ్మగారు కాకినాడలో కూతురి దగ్గర ఉన్నారు. కాబట్టి రూల్స్ చెప్పే పెద్దదిక్కు లేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు చెప్పండి: నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఆ రెండింటికీ మళ్ళీ వెయ్యాలి, ఇంతవరకూ గొడవ లేదు. అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు, ఇదీ సరే. వరసగా మూడుసార్లు అష్టో చెమ్మో పడితే ఏం చెయ్యాలి? మాస్టారు ఎప్పుడూ "మూడూ నడుస్తాయి" అనేవారు. ఎక్కువగా ఆయనకే పడేవి కాబట్టి నాకు అనుమానం.

---

పాత రేడియో
13 అక్టోబరు 2024, రాత్రి 9:20

మూడూ మురిగిపోతాయి. విజయనగరంలో మా ఇంట్లో అదే పద్ధతి. మాస్టారు మిమ్మల్ని బాగా ఆడించారు.

---

ఉద్దానం కొబ్బరి
13 అక్టోబరు 2024, రాత్రి 9:26

మా దగ్గర మూడోది మాత్రమే చెల్లదు, మొదటి రెండూ నడవాలి.

---

హైటెక్ కూలీ
13 అక్టోబరు 2024, రాత్రి 9:31

మా అమ్మను అడిగిన. మూడూ పోతయ్ అంటుంది. ఎందుకు అడుగుతున్నవురా అని ఆమె ఇంకో పదిహేను నిమిషాలు వాళ్ళ చిన్నప్పటి ఆట గురించి చెప్పింది, ఫోన్ పెట్టనియ్యలేదు.

---

మూడో అంతస్తు
13 అక్టోబరు 2024, రాత్రి 9:50

నిన్న కొంచెం కోపంగా రాశాను, కానీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. మీరు అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు బాకీ ఉన్నాను.

ట్యాంకర్ లైనులో నిలబడ్డాను అన్నానుగా. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, గంటలు నిలబడాలి. నా ముందు ఒకావిడ, నా చంటిదాన్ని చూసి తన బిందె నా బిందె వెనక పెట్టుకుంది. మూడో రోజుకి నేను రాకముందే నా బిందె కోసం చోటు ఉంచేది. ఎండలో చెట్టునీడ కూడా లేకుండా నిలబడి అత్తల గురించి, పుట్టింటి గురించి, మానేసిన ఉద్యోగం గురించి చెప్పుకున్నాం. ఎవరికీ చెప్పనివి. ట్యాంకర్ ఆలస్యమైతే విసుక్కోని రోజులు కూడా ఉన్నాయి. ఇప్పటికీ నాకున్న దగ్గరి స్నేహితురాలు ఆవిడే, పాప పదో పుట్టినరోజుకి మొన్న వచ్చింది కూడా. అలాగని నీళ్ళు రాకపోవడం మంచిదని మాత్రం నేను చెప్పను.

బాతాఖానీ గారూ, మీ బుధవారం సంగతి. మీ అపార్ట్‌మెంటు మా వెనక వీధే. మేమిద్దరం వస్తాం. కానీ ఏడింటికి రావాలంటే ఆ పూట వంట, టీ ఎవరు చేస్తారో మీ గ్రూపులో ముందు పేర్లతో సహా పెట్టండి. అది చూశాక బయల్దేరతాం.

---

బీచ్‌రోడ్ బాతాఖానీ
13 అక్టోబరు 2024, రాత్రి 10:04

పెట్టేశానండీ. మొదటి బుధవారం టీ నాది, పులిహోర సెక్రటరీ గారిది. ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు, నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. ఆయన చెయ్యకపోతే బయటినుంచి ఇడ్లీ తెప్పిస్తాను, నగదు ఇచ్చి. అష్టాచెమ్మాలో వరసగా మూడు పడితే మురిగిపోతాయి, ఇద్దరు ఒకటి, ఒక్కరు ఒకటి అన్నారు కాబట్టి మెజారిటీ మాటే ఖాయం.